చేప కన్ను కనపడతాంది

నంద్యాలలో మోటార్ల అంగడాయన అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకున్నది కాదు. తొట్టి పొడవెంత, లోతెంత అని అడుగుతాడనుకుని ఆళ్లగడ్డ నుంచి బస్సులో ఆ అంకెలే వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆయన నా చేతికర్ర చూసి ముందు కుర్చీ జరిపాడు. నేను కూర్చున్నాక, "తొట్టిలో నీళ్లన్నీ ఫిల్టరు గుండా ఒక చుట్టు తిరిగి రావాలంటే మీరు ఎంతసేపు ఆగగలరమ్మా?" అన్నాడు.

మా డ్రిల్లమ్మ అయితే ఏమనేదో నాకు అప్పుడే వినిపించింది. "ఆగేదేంది? ఇప్పుడే తిరగాల." ఆ మాట కూడా కూర్చుని అనేది కాదు. అంగడి మెట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి, మాట పూర్తికాకముందే సగం వెనక్కి తిరిగిపోయి ఉండేది.

నేను కూర్చునే ఉన్నాను గానీ మనసు నిలవడం లేదు. ఆమె పోయి నెల కాలేదు. ఆమె పెరట్లోని ఈతతొట్టి నీళ్లు పచ్చగా, చిక్కగా అయిపోయాయి. మోటారు కాలిపోయింది, ఫిల్టరు పగిలిపోయింది. రెండు వారాల్లో ఆమె జ్ఞాపకార్థ కూటమి, అంటే ఆమెను తలుచుకుని చేసే ప్రార్థన, ఉంది. ఆలోపల నీళ్లు తేటపడకపోతే తొట్టిని మట్టి తోలించి పూడ్పిస్తానని ఆమె తమ్ముడు చెప్పాడు. కర్ర లేకుండా నేను నడవగలిగే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. అందుకే కొత్త మోటారు, కొత్త ఫిల్టరు ఏరే పని ఇంకొకరికి అప్పజెప్పకుండా నేనే బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో అందరూ ఆమెను డ్రిల్లమ్మ అనేవాళ్లు. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేసి దిగిపోయిన మనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. అసలు పేరు ఇక్కడ రాయను. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, "ఏం పని పడింది?" అని ఎదురు అడిగేది. పని లేకుండా పేరు వాడటం ఆమె లెక్కలో దండగ.

ఆమె ఇంట్లో కుర్చీలకు కొదవ లేదు, కానీ వాటి మీద ఎప్పుడూ తువ్వాళ్లు ఆరుతుండేవి. కాఫీ నిలబడి తాగేది. సగం తాగిన గ్లాసు ఎక్కడో పెట్టి ఇంకో పని మీద పోయేది. ఆ తర్వాత ఆ గ్లాసును వెతకడం ఒక పని. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేది. చర్చిలోనూ అంతే, ఆఖరి బెంచీ వెనక, గోడకు ఆనుకోకుండా. అయ్యగారు ప్రార్థన ముగింపుకు వస్తున్నట్టు గొంతు తగ్గించగానే "ఆమేన్" అనేసేది. పాపం ఆయన దగ్గర ఇంకా మూడు నాలుగు మనవులు మిగిలే ఉండేవి. ఒకసారి ఆయనే, దేవుని కన్నా ముందు మీరే ముగించేస్తున్నారు టీచరమ్మా అని నవ్వుతూ అన్నాడు. "దేవుడు మొదుట్లోనే వినింటాడులే అయ్యగారూ, సాగదీసేది మనమే" అంది.

మెడలో విజిలు ఉండేది. బడి మానేశాక కూడా తాడు పాతబడితే కొత్త తాడు వేసుకునేది. కూరగాయల బండిని ఆపడానికి, ఆటోను పిలవడానికి, గోడ మీది కోతిని తరమడానికి అన్నిటికీ అదే. ఆటోవాళ్లు ఆ విజిలుకు బెదిరినట్టే ఆగేవాళ్లు. వాళ్లలో సగం మంది పెళ్లాలు ఆమె దగ్గర డ్రిల్లు చేసినవాళ్లే మరి.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. నాయన ఇంట్లోనే పలక పట్టించాడు, బైబిలు చదివించాడు, బియ్యం కొలుస్తూ లెక్కలు చెప్పాడు. ఆ ఇంటి చదువుకు ఈనాటికీ కృతజ్ఞురాలిని. చేతిమిషను మీద బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాను. డ్రిల్లమ్మ విజిలు నాకు వీధిలోంచి వినబడే చప్పుళ్లలో ఒకటి. అది నా కోసం మోగే రోజొకటి ఉంటుందని అనుకోలేదు.

ఒక ఎండాకాలం పొద్దున ఆమె గుడ్డల మూటతో మా గడపలోకి వచ్చింది. పెరట్లో స్విమ్మింగ్ పూలు కట్టించానని, ఆడవాళ్లు దిగడానికి నీళ్లలో పైకి తేలని బట్టలు కావాలని చెప్పింది. ఆ సంగతికి ఊరు అప్పటికే నవ్వుకుంటోంది. రిటైరైన వాళ్లంతా మేడ మీద గది వేసుకుంటే ఈమె పెరట్లో గుంత తవ్వించుకుందని. నేను టేపు తీశాను.

"కొంచెం నిలబడండక్కా."

"నిలబడే ఉండా గదా."

"కదలకుండా."

"అది నాకు చాతగాదు. నా ఎంట నడుస్తా కొలుచుకో."

అన్నాక నా కర్ర చూసింది. ఇంకొకరైతే నాలుక కరుచుకునేవాళ్లు, అయ్యో అనేవాళ్లు. ఆమె కాలు ఆడించడం ఒక్క క్షణం ఆపి, "సరే. నువ్వు నడవలేవు, నేను నిలబడలేను. ఇద్దరికీ నీళ్లే మందు. నీకూ ఒక జత కుట్టుకో" అంది.

నా కాలి గురించి జాలి లేకుండా, ఇంట్లో వంకర తలుపు గురించి మాట్లాడినట్టు మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఆ పూట నుంచి నేను దేవునికి చెప్పుకునే స్తోత్రాల్లో ఆమె పేరు చేరింది.

మొదటి జత నైటీలాగా కుట్టాను. దిగీదిగగానే అది గొడుగులా విచ్చుకుని ఆమె చుట్టూ తేలింది. "నన్ను తామరాకు జేసినావు గదనే" అంది. రెండోసారి జారుడు గుడ్డ తెప్పించి పైజామా, పొడుగు చేతుల చొక్కా కుట్టి, చీలమండల దగ్గరా మణికట్ల దగ్గరా ఎలాస్టిక్ వేశాను. అది నిలిచింది. ఆ తర్వాత ఆ తొట్టిలో దిగిన ప్రతి ఆడమనిషి ఒంటి మీదా నా కుట్టే ఉంది.

తొట్టి అంత పెద్దదేం కాదు. ఒక కొసన మెట్లు, అక్కడ నడుములోతు. రెండో కొసకు పోయేకొద్దీ మెడదాకా వస్తుంది. అడుగున నాపరాళ్లు పరిపించింది. లోతు కొసన మాత్రం ఒక తెల్లరాయి వేయించింది. శిల్పుల వీధిలో చెక్కించుకొచ్చానని చెప్పేది. దాని మీద మూరెడు చేప. ఆ చేపను తలుచుకుంటే నాకు మొదటి కాలపు క్రైస్తవ విశ్వాసులు, వాళ్లు గోడల మీద గీసుకున్న చేప గుర్తు మనసులోకి వచ్చేవి. ఆ మాట ఆమెతో అంటే, "చేప చేపే. నీళ్లల్లో ఏముండాల మరి, ఏనుగా?" అంది.

పొద్దున పూట ఆడపిల్లలకు ఈత, సాయంత్రం మోకాళ్ల నొప్పుల వాళ్లకు నీళ్లలో నడక. నీళ్లు బాగున్నాయా అని తల్లులు ఊరికే అడుగుతుంటే విసుగొచ్చి ఆమె ఒక రూలు పెట్టింది. లోతు కొసన గట్టు మీద నిలబడి చూస్తే చేప కన్ను కనపడాలి. కనపడితేనే దిగేది, లేకపోతే ఎవరూ దిగేది లేదు.

మొదటి రోజు నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. తడి గట్టు మీద కర్రతో ఆ కొస దాకా పోయి వంగి చూడటం నా వల్ల కాదు. అక్కడి నుంచే అడిగాను, కన్ను కనపడుతోందా అక్కా అని. ఆమె ఆకులు తీసే వలకర్ర భుజాన వేసుకుని గట్టు చుట్టూ తిరుగుతోంది.

"కనపడతాంది, దా" అంది, నీళ్ల వైపు చూడకుండానే.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. అన్నప్పుడల్లా ఆమె చూపు వేరే చోట ఉండేది. గోడ మీది కాకి మీద, మోటారు మీద, వీధి తలుపు మీద.

దిగడానికి చేయి ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. చెయ్యిస్తే నువ్వు నా మీద నడుస్తావు, బరువు నీళ్ల మీద వెయ్యి అంది. వలకర్ర కొస నా వైపు చాచి, తను లాగనని, పట్టుకుని నేనే రావాలని చెప్పింది. ఒక మెట్టు, రెండో మెట్టు. నీళ్లు నడుము దాటగానే నా కుడికాలు నా మాట వినడం మొదలుపెట్టింది. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఈడ్చుకుంటూ తిరిగిన కాలు. దాన్ని ఎవరో కింది నుంచి అరచేతుల మీద ఎత్తి పట్టుకున్నట్టు ఉంది. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. కళ్లు మూసుకున్నాను, పెదవులు కదిలాయి.

"స్తోత్రం తర్వాత చెప్పుకుందువు. ముందు మోకాలెత్తు."

విజిలు ఊదింది. ఒక ఊదుకు ఒక అడుగు. ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా నడిచాను. మధ్యలో ఎక్కడో వలకర్ర నా చేతిలోంచి జారిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకే తెలియదు.

తొట్టికి మోటారు పెట్టింది ఆమె తమ్ముడు. దొర్నిపాడు దగ్గర సేద్యం ఆయనది, అక్కంటే ప్రాణం. కాలవ నీళ్లు పొలానికి ఎక్కించే ఐదు హార్స్‌పవర్ మోటారు విప్పుకొచ్చి బిగించాడు. ఫిల్టరంటే పెద్ద డ్రమ్ము. దాని నిండా ఇసుక ఉంటుంది, నీళ్లు ఆ ఇసుకలోంచి దిగేటప్పుడు నలక పైన ఆగిపోతుంది. ఆయన కుందూ ఏటి ఇసుక ట్రాక్టరుకు తోలి, ఇంట్లో పిండి జల్లెడతో తనే కూర్చుని జల్లించి డ్రమ్ములో పోశాడు. మా వైపు నమ్మకం ఒకటే. మోటారు ఎంత పెద్దదైతే అంత మేలు. ఇసుకంటే కుందూదే. పొలానికీ, ఇల్లు కట్టడానికీ ఆ రెండూ నిజమే. స్విచ్చి వేయగానే నీళ్లు తొట్టిలోకి బోరు పడ్డట్టు దూకాయి. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ బోరు పడిన రోజు లాగే మురిసిపోయారు. ఆమె గుక్క తిప్పుకోకుండా విజిలు ఊదింది.

ఆ ఊపుకు డ్రమ్ము దేన్నీ పట్టి ఉంచలేకపోయింది. ఆగిన నలకతో పాటు కుందూ ఒండు కూడా తొట్టిలోకే తిరిగొచ్చేది. నీళ్లు ఎప్పుడూ బియ్యం కడిగినట్టే ఉండేవి. చేప అడుగున ఒక తెల్లటి మచ్చలా ఆడేది, అంతే. అయినా ఆమె కనపడతాంది అనేది, మేం దిగేవాళ్లం.

చిన్నప్పుడు మా అమ్మ కాలవ నీళ్లు కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపి, ఎవరూ కదపకుండా మూలన పెట్టేది. మర్నాటికి మడ్డి కింద, తేట పైన. ఆ సంగతి చెప్పి, కాస్త నిదానంగా తిరిగే మోటారు పెడితే నలక ఆగుతుందేమో అక్కా అన్నాను.

"నిలిపితే పాచి పడతాది."

"నిలపమనడం లేదక్కా, నిదానంగా తిరిగితే..."

"నిదానం నీ కుట్టుపనికి పనికొస్తాది. నీళ్లకు గాదు."

పాచి మాట అబద్ధమేం కాదు కాబట్టి ఊరుకున్నాను. ఊరుకోలేక, అసలు ఈ తొట్టి ఎందుకు తవ్వించారని అడిగాను. మోకాళ్ల నొప్పుల కోసమని ఒకరికి, ఎండలకని ఒకరికి, ఊరికే తోచక అని ఒకరికి చెప్పి ఉంది. నాకు వేరే చెప్పింది, గట్టు మీద అటూ ఇటూ నడుస్తూనే. ఆమె బడి పిల్ల ఒకతె సెలవుల్లో కాలవ దగ్గరకు బట్టలు ఉతకడానికి పోయి జారిపోయిందట. తను విజిలు ఊదితే ఎక్కడున్నా టక్కున నిలబడిపోయే పిల్లట. ఇంకో చుట్టు నడిచింది.

"ఆ పొద్దు నేను ఆడ లేను" అంది.

పోయి మోటారు వేసింది. నీళ్లు దూకాయి. ఆమె తొందరను చూసి నవ్వడం నేను ఆనాటి నుంచి మానేశాను.

ఆమె పోయింది కూడా దారిలోనే. మోటారు దగ్గర నీళ్లు కారుతున్నాయని, రబ్బరు వాషరు కోసం నంద్యాలకు వచ్చి, తిరుగు బస్సులో. కండక్టరు ఆమె దగ్గర చదివిన పిల్లే. సమాధుల తోటలో నా చేయి పట్టుకుని, "టీచరు సీట్లో కూసునిందక్కా. అది చూసే నాకు గుండె జారింది" అని ఏడ్చింది. నాకూ నమ్మడానికి ఆ ఒక్క మాటే కావలసి వచ్చింది. అంతవరకూ పెట్టె వైపు చూస్తూ, ఈమె ఇంతసేపు ఎలా పడుకుందని అనుకుంటూ ఉన్నాను.

ఆ తర్వాత ఒకనాడు ఆమె తమ్ముడు, అక్క తొట్టి ఆగిపోగూడదని, మోటారు స్విచ్చి వేశాడు. ఆ కారే చోటి నుంచి నీళ్లన్నీ దిగిపోయి పైపు ఎండిపోయి ఉందని ఆయనకు తోచలేదు. మోటారు పొడిగా తిరిగి తిరిగి కాలిపోయింది. డ్రమ్ము అప్పటికే నెర్రెలిచ్చి ఉంది. ఎండలకు నీళ్లు పచ్చబడ్డాయి. దోమల సంగతి చూసేవాళ్లు వచ్చి హెచ్చరించి పోయారు. నేను పూడ్చొద్దని అడగడానికి పోయాను. ఆయన తల వంచుకునే అన్నాడు.

"చూడమ్మా, నాకూ బాధే. కూటమికి పిల్లాజెల్లా వస్తారు. ఆ పచ్చనీళ్లల్లో ఎవురన్నా పడితే అడుగు గూడా కనపడదు. ఆ పొద్దుటికి చేప కన్ను కనపడాల. అది అక్క పెట్టిన రూలే, నాది గాదు. కనపడకుంటే మర్నాడు మట్టి తోలిస్తా."

ఆయన మాటలో తప్పు వెతకలేకపోయాను. కాలవలో పోయిన పిల్ల సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

అంగడాయన నా ముందు రెండు రకాలు పెట్టించాడు. ఒకటి జోరు మోటారు, దానితో వచ్చే చిన్న డ్రమ్ము. వెంటనే పెట్టొచ్చు, రెండు రోజుల్లో పచ్చదనం పోయి నీళ్లు కంటికి బాగానే ఉంటాయి. కానీ సన్న నలక తిరుగుతూనే ఉంటుందట. రెండోది చిన్న మోటారు, నడుమెత్తు వెడల్పాటి డ్రమ్ము, దానికోసమే జల్లించి బస్తాల్లో వచ్చే ఇసుక. పగలంతా నిదానంగా తిరగాలి. మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. మీ కూటమి నాటికి తేటపడుతుందా అంటే నేను మాటివ్వలేనమ్మా, నీళ్లను బట్టి ఉంటుంది అన్నాడు.

జోరుది తీసుకుంటే మూడోనాటికే ఆమె తమ్ముడి ముందు నిలబడి చూపించొచ్చు, ఇదిగో నీళ్లు అని. కానీ కన్ను కనపడదు. ఇన్నేళ్లూ కనపడనిది ఇప్పుడెలా కనపడుతుంది. నిదానందైతే కనపడొచ్చు, లేదా కూటమి నాటికి తెల్లటి నీళ్లే మిగలొచ్చు, మర్నాడు మట్టి. ఆమె చెవిలో కూర్చుని ఇప్పుడే, ఇప్పుడే అంటోంది. లేచి అంగడి గుమ్మం దాకా వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లాను. కర్రతో అలా తిరుగుతుంటే నాకే నవ్వొచ్చింది. చూసేవాళ్లకు అచ్చం ఆమెలాగే ఉండి ఉంటాను.

ఆమెకు ఎదురు చెప్పడం అలవాటు లేదు నాకు. "నిదానందే ఇవ్వండన్నా" అనేశాను.

అంగడి వాళ్లు పంపిన మనిషి వచ్చి బిగించాడు. బ్లీచింగు చల్లాడు, పటిక వేశాడు, పాచి ఊడ్పించాడు. మోటారు వేస్తే చప్పుడే లేదు, పక్కింట్లో ఎవరో పిండి విసురుతున్నట్టు ఒక సన్నటి రొద. తొట్టిలోకి నీళ్లు దూకలేదు, ఊరకే వచ్చి చేరాయి. ఆమె తమ్ముడు గట్టున నిలబడి కాసేపు ఓపిక పట్టాడు. "ఇది మోటారా, తులసిచెట్టుకు నీళ్లు పోసే చెంబా?" అన్నాడు. దొర్నిపాడు నుంచి ఇంకో మోటారు తెస్తానన్నాడు. వద్దని బతిమాలాను. ఆయనా తిరగడం మొదలుపెట్టాడు, అక్కలాగే, గట్టు చుట్టూ.

పచ్చదనం పోయింది. తెలుపు మిగిలింది. రోజులు గడుస్తున్నాయి, తెలుపు అలాగే ఉంది. మిషను ముందు కూర్చుంటే దారం తెగేది. రవికెకు చేతులు తారుమారు కుట్టాను. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. నీళ్లు తేటపరచు ప్రభువా అని అడగబోతే, ముందు ఆ నీళ్లలో నడిపించినందుకు చెప్పాల్సినవే చాలా మిగిలి ఉన్నట్టు అనిపించింది. అవే చెప్పుకుంటూ పోయాను, అడగాల్సిన దాకా రాలేదు. కూటమి ఇంకా నాలుగు రోజులుందనగా తొట్టి దగ్గరకు పోవడం మానేశాను. చూడలేక.

కూటమి ఆమె ఇంటి ముందే, షామియానా కింద. వచ్చినవాళ్లలో ఆమె దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలు, మోకాళ్ల నొప్పుల వాళ్లు, శిల్పుల వీధి నుంచి ఒక పెద్దాయన కూడా ఉన్నారు. అయ్యగారు మంచి మాటలు చెప్పాడు. ప్రార్థన మొదలుపెట్టాడు. చివర్లో గొంతు తగ్గించాడు. ఆ క్షణాన చాలా తలలు కొంచెం పైకి లేచాయి, ఆఖరి వరుస వైపు. అయ్యగారు కూడా ఒక్క క్షణం ఆగాడు, అలవాటుగా. తర్వాత మిగిలిన మనవులన్నీ చెప్పి తనే ముగించుకున్నాడు.

ఆమె తమ్ముడు లేచి పెరటి వైపు పోయాడు. నేను కర్ర తీసుకుని వెనకే పోయాను.

మొదట తొట్టిలో నీళ్లు లేవనుకున్నాను. నాపరాళ్ల అతుకులు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. మెట్ల చివర పడిన ఒక తలపిన్ను కనపడుతోంది. మనసు ఎగిరింది. తడి గట్టు మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ, మొదటిసారి లోతు కొస దాకా పోయాను. ఆయన అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాడు. చేప ఉంది. తోక ఉంది, రెక్క ఉంది, పొలుసులు వరస తప్పకుండా ఉన్నాయి. ఆయన ఈ పక్క నుంచి చూశాడు, లేచి ఆ పక్కకు పోయి చూశాడు.

"కన్ను యాడుంది?" అన్నాడు.

నేనూ చూశాను. తల ఉంది. నోరు ఉంది. కన్ను ఉండాల్సిన చోట నున్నటి రాయి ఉంది, అంతే. మళ్లీ చూశాను. నీళ్ల తప్పు కాదు, మోటారు తప్పు కాదు. చేపకు కన్నే లేదు.

మా వెనకే వచ్చిన శిల్పి పెద్దాయన తొంగి చూసి, నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. తన చేతి పనేనట. మా పనిలో కన్ను అన్నిటికన్నా ఆఖరున పెడతాం, ఒక మంచి రోజు చూసుకుని పెడతాం అన్నాడు. పొలుసులయ్యాక, ఇంక కన్నొకటే, రెండు రోజులు ఆగండి టీచరమ్మా అన్నాడట. ఆ సాయంత్రమే ఆమె బండి పిలుచుకొచ్చి రాయి ఎక్కించుకుపోయిందట. కన్ను తర్వాత వచ్చి పెట్టుకుందువులే అందట. ఆయన పనిముట్లు సర్దుకుని వచ్చేసరికి తొట్టి నిండా నీళ్లు.

పిండి విసురుతున్నట్టు మోటారు తిరుగుతోంది. లేని కన్నును చూపించి ఆమె మమ్మల్ని ఎన్ని సాయంత్రాలు దింపిందో, ఎంతమంది ఆడపిల్లలు ఆ మాట నమ్మి ఈత నేర్చుకుని కాలవ గట్టున ధైర్యంగా నడుస్తున్నారో అనుకున్నాను. ఆ వెంటనే భయం వేసింది. రూలు రూలే. కన్ను కనపడాలని ఆమె తమ్ముడు అన్నాడు. లేని కన్ను ఏ నీళ్లలో కనపడుతుంది. రేపు మట్టే.

ఆమె తమ్ముడు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం గట్టిగా తుడుచుకున్నాడు, చాలాసేపు. గోడకు ఆనించిన వలకర్ర తీసుకుని, దాని కొస నా వైపు చాచాడు.

"కనపడతాందిలేమ్మా. గుడ్డలు మార్చుకోని దా" అన్నాడు, నీళ్ల వైపు చూడకుండానే.